రెండు ప్లస్‌ల వెనక ఏముంది?

మొన్న మా అక్క కొడుకు ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు. వాడి పెళ్లి మాఘంలో. తెరమీద మాల్దీవుల్లోని ఒక వాటర్ విల్లా కనిపిస్తోంది. నీళ్లమీద గది, గదిలోంచి సముద్రంలోకి దిగే మెట్లు, మెట్ల కింద చేపలు. "రాత్రికి ఆరొందల డాలర్లే మావయ్యా. నాలుగు రాత్రులంటే రెండు లక్షల్లో అయిపోతుంది" అన్నాడు. 600 అంకె పక్కన చీమ తలకాయంత రెండు ప్లస్ గుర్తులున్నాయి. అవేమిట్రా అంటే, "ఏదో ఆఫరై ఉంటుంది" అన్నాడు.

ఆఫర్ కాదు. వాడి బడ్జెట్‌లో లెక్క ఆ రెండు గుర్తుల దగ్గర్నుంచే తప్పడం మొదలవుతుంది. ఆ సాయంత్రం ఇద్దరం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాం. డాలరుకు 90 రూపాయలు అనుకున్నాం. బేరాన్ని బట్టి, సీజన్‌ను బట్టి ధరలు మారతాయి. లెక్క కట్టే పద్ధతి మాత్రం ఎవరికైనా ఇదే.

మొదటి ప్లస్ సర్వీస్ చార్జీ, 10 శాతం. రెండోది అక్కడి పర్యాటక జీఎస్టీ. 2023 జనవరి 1న దాన్ని 12 నుంచి 16 శాతానికి పెంచారు, 2025 జూలై 1న 17 చేశారు. పదీ పదిహేడూ కలిపితే ఇరవై ఏడని వాడు చటుక్కున చెప్పేశాడు. అక్కడే చాలామంది కాలు జారుతుంది. పన్ను వేసేది గది ధర మీద కాదు, సర్వీస్ చార్జీ కలిపిన మొత్తం మీద. 600కి పది శాతం కలిపితే 660. దానికి 17 శాతం కలిపితే 772 డాలర్ల 20 సెంట్లు. అంటే ++ ఉన్న ఏ అంకెనైనా 1.287తో గుణించాలి. ఈ ఒక్క గుణకారం వస్తే సగం పని అయినట్టే. ఎందుకంటే ఆ రెండు ప్లస్‌లు గదితో ఆగవు. భోజనానికీ, స్పాకీ, మంచినీళ్ల సీసాకీ కూడా అవే తగులుకుంటాయి.

పైన గ్రీన్ ట్యాక్స్. 2025 జనవరి 1 నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు. అంతకుముందు ఆరే ఉండేది. ఇద్దరికి నాలుగు రాత్రులంటే 96. ఇప్పుడు కూడితే గది ఒక్కటే 3,184 డాలర్ల 80 సెంట్లు, మన డబ్బుల్లో 2,86,632. మావాడు అనుకున్న 2,16,000 ఇంకా విమానం ఎక్కకముందే డెబ్బై వేలు పెరిగింది.

గాల్లో పోయే డబ్బు

మాలే విమానాశ్రయంలో దిగినంత మాత్రాన రిసార్టుకు చేరినట్టు కాదు. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 870 కిలోమీటర్ల పొడవునా, దాదాపు 1,190 దీవులు చెల్లాచెదురుగా ఉన్న దేశమది. మొత్తం నేల పోగేస్తే 300 చదరపు కిలోమీటర్లు లేదు. 650 చదరపు కిలోమీటర్ల పాత గ్రేటర్ హైదరాబాద్‌లో సగం కూడా రాదు. కాబట్టి దగ్గరి దీవులకు స్పీడ్ బోటు, దూరపువాటికి నీళ్లమీద వాలే సీప్లేన్, మరీ దూరమైతే దేశీయ విమానం ఎక్కి దిగి మళ్లీ పడవ.

సీప్లేన్ మనిషికి రానూపోనూ సాధారణంగా 400 నుంచి 700 డాలర్ల మధ్య పడుతుంది. మధ్యస్తంగా 550 వేసుకున్నా ఇద్దరికి 1,100 డాలర్లు, అక్షరాలా తొంభై తొమ్మిది వేలు. హైదరాబాద్ నుంచి మాలేకి గీత గీస్తే దాదాపు 1,550 కిలోమీటర్లు. ఆ దూరానికి అయ్యే టికెట్ కంటే ఆఖరి అరగంట ప్రయాణానికే ఎక్కువవుతుంది. చూడదగ్గ ప్రయాణమే, కాదనను. పది పదిహేను మంది పట్టే ట్విన్ ఆటర్ విమానం, చెప్పుల్లేకుండా నడిపే పైలట్లు, కింద నీలం మీద పచ్చ ఉంగరాల్లా పగడపు దిబ్బలు. ఒకసారి ఎక్కాల్సిందే అనిపిస్తుంది. రెండు షరతులు తెలుసుకుని ఎక్కండి.

ఒకటి, సీప్లేన్ పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మధ్యాహ్నం మూడున్నర దాటాక మాలేలో దిగితే ఆరోజు దొరకడం కష్టం. పక్కనున్న హుల్హుమాలేలో ఒక రాత్రి పడుకోవాలి. ఆ గది అద్దె వేరే, రిసార్టులో తప్పిపోయిన రాత్రి వేరే. మొదటి రాత్రికి రిసార్టులో కూడా డబ్బు కట్టి ఉంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. కనుక చవక టికెట్ అని సాయంత్రం చేరే విమానం బుక్ చేసేముందు ఆ రెండు వేల ఆదా దేనికి దారి తీస్తుందో చూడాలి. రెండోది బరువు. పెట్టె 20 కిలోలు, చేతిసంచి 5 కిలోలు. దాటితే కిలోకింత చొప్పున కట్టాలి. పెళ్లయిన పదో రోజున బయల్దేరే మన అమ్మాయిల సూట్‌కేసు సంగతి మీకు తెలుసు.

ఇంకో చిన్న తిరకాసు గడియారానిది. మాలే మనకంటే అరగంట వెనక. చాలా రిసార్టులు అతిథులకు సాయంత్రం వెలుగు ఎక్కువ దొరకాలని గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటాయి, దాన్ని ఐలాండ్ టైమ్ అంటారు. తిరుగు ప్రయాణంలో ఎవరి టైము ఎవరిదో అడిగి తెలుసుకోకపోతే ఫోను ఒకటి చెబుతుంది, రిసెప్షన్ మరొకటి చెబుతుంది.

పళ్లెంలో ఎంత

రిసార్టు దీవిలో ఒకటే హోటలు, బయట ఇడ్లీబండి ఉండదు. ఇది యాదృచ్ఛికం కాదు, అర్ధశతాబ్దపు పద్ధతి. 1960ల్లో ఐక్యరాజ్యసమితి నిపుణులు వచ్చి చూసి, ఇక్కడ పర్యాటకం నడవదని చెప్పి వెళ్లారు. బ్యాంకు లేదు, విమానాశ్రయం అంతంతమాత్రం. జార్జ్ కార్బిన్ అనే ఇటాలియన్ ట్రావెల్ వ్యాపారి మాత్రం స్థానిక యువకులతో చేతులు కలిపి అతిథుల్ని తెచ్చాడు. 1972 అక్టోబర్‌లో కురుంబా అనే తొలి రిసార్టు 30 గదులతో తెరుచుకుంది. ఆ తర్వాత ఒక దీవికి ఒక రిసార్టు అన్నదే నియమమైంది. జనం ఉండే దీవుల్లో అతిథిగృహాలకు మళ్లీ దారి తెరిచింది 2009లో. 2024లో ఆ దేశానికి వచ్చినవాళ్లు 20 లక్షలు దాటారు. దేశ జనాభా చూస్తే 2022 లెక్కల్లో 5.15 లక్షలు.

ఒక దీవి, ఒక రిసార్టు అంటే రిసార్టే ఒక ఊరు. కరెంటు సొంత జనరేటర్లలోంచి రావాలి, ఉప్పునీళ్లను తాగునీళ్లుగా మార్చే యంత్రం పెట్టుకోవాలి, టమాటా దగ్గర్నుంచి గుడ్డు దాకా పడవలో దిగాలి. మీ పళ్లెంలో పప్పు ఖరీదు పప్పుది కాదు, ఆ పడవది. అందుకని భోజనం మాట ముందే తేల్చుకోవాలి. హాఫ్ బోర్డ్ అంటే పొద్దున్న టిఫిను, రాత్రి భోజనం. ఫుల్ బోర్డ్‌లో మధ్యాహ్నం కూడా. ఆల్ ఇన్‌క్లూజివ్‌లో పానీయాలతో సహా. ఏ రిసార్టులో ఏవి కలుస్తాయో అడగాలి, కొన్నిచోట్ల హాఫ్ బోర్డ్‌లో తాగునీళ్ల సీసా కూడా ఉండదు.

మావాడి కాగితం మీద హాఫ్ బోర్డ్ మనిషికి రోజుకు 100++ అనుకున్నాం. 128 డాలర్ల 70 సెంట్లు, ఇద్దరికి నాలుగు రోజులు, మొత్తం 1,029 డాలర్ల 60 సెంట్లు. మధ్యాహ్నాలకీ, మంచినీళ్లకీ, ఒక స్నార్కెలింగ్ పడవకీ పన్నులతో 400 డాలర్లు. విమాన టికెట్లు ఇద్దరికీ 60,000 రూపాయలు. ఇందులోనే కనిపించకుండా మాలే విమానాశ్రయపు నిష్క్రమణ రుసుములు కూడా ఉంటాయి. 2024 డిసెంబర్ నుంచి ఎకానమీ ప్రయాణికుడికి రెండూ కలిపి 100 డాలర్లు, బిజినెస్ తరగతికి 240. టికెట్ చవగ్గా దొరకడం లేదేమిటని ఎయిర్‌లైన్స్‌ని తిట్టుకునేవాళ్లు ఆ తొమ్మిది వేల సంగతి గమనించరు.

కూడాం. గది, గ్రీన్ ట్యాక్స్, సీప్లేన్, హాఫ్ బోర్డ్ కలిపి 5,314 డాలర్ల 40 సెంట్లు, అంటే 4,78,296 రూపాయలు. టికెట్లతో 5,38,296. చిల్లర ఖర్చులతో 5,74,296. రెండు లక్షలనుకున్నది తడిసి మోపెడై రెండున్నర రెట్లు దాటింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మెట్లు లేని గది ఎంతుంటుంది మావయ్యా" అన్నాడు.

పంచాంగం ఒక దారి, వర్షం ఒక దారి

గది ధరను తేల్చేది గదికంటే నెల. ఇక్కడే మన వాళ్లకో విచిత్రమైన లాభముంది, దాన్ని ఎవరూ వాడుకోరు.

మాల్దీవుల్లో గాలి రెండు రకాలు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్యపు గాలి, ఆకాశం తేట, సముద్రం నిలకడ. మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి, జల్లులు, అలలు. మాలేలో ఫిబ్రవరిలో సగటున 50 మిల్లీమీటర్ల వాన కూడా పడదు, మే నెలలో 200 దాటుతుంది. ధరలు దీని వెంటే నడుస్తాయి. అన్నిటికంటే ఎత్తు క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా. ఆ రోజుల్లో చాలాచోట్ల పండగ విందుకు హాజరు తప్పనిసరి, ఆ విందుకు బిల్లు వేరే. జనవరి నుంచి ఏప్రిల్ వరకు గట్టి ధర. మే నుంచి దిగుతుంది, కొన్నిచోట్ల సగానికి సగం.

ఇప్పుడు దీనిమీద మన పంచాంగం పరిచి చూడండి. ధర ఆకాశంలో ఉండే ఆ క్రిస్మస్ రోజులు మనకు ఎక్కువగా పుష్యమాసంలోకో, ధనుర్మాసంలోకో వస్తాయి, అప్పుడు ముహూర్తాలే ఉండవు. అంటే ఐరోపా వాళ్లతో పోటీపడి కొనే అవసరం మన కొత్త జంటకు సహజంగానే లేదు. మాఘ, ఫాల్గుణాల పెళ్లివాళ్లకు మంచి సముద్రం దొరుకుతుంది, ధర మాత్రం గట్టిది. వైశాఖ, జ్యేష్ఠాల్లో పెళ్లయితే చవక, వాన. అయితే అక్కడి వాన మన ముసురు లాంటిది కాదు, చాలాసార్లు గంట దంచి తెరిపిస్తుంది. వరసగా మూడు రోజులు పట్టుకునే అవకాశం మాత్రం లేకపోలేదు, ఆ రిస్కుతో చవకను కొనుక్కుంటున్నట్టు.

శ్రావణం పెళ్లివాళ్ల గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. బా అటాల్‌లో హనిఫారు అనే చిన్న పగడపు కొలనులోకి నైరుతి గాలి ప్లవకాన్ని నెట్టుకొస్తుంది. దాన్ని తినడానికి మే, జూన్ నుంచి నవంబర్ దాకా మాంటా రేలు మందలుగా చేరతాయి. పెద్ద చాపలంత రెక్కలు, నోరు తెరుచుకుని గిరికీలు కొడుతుంటాయి. 2011లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించిన అటాల్ అది. హనిఫారులో సిలిండర్ కట్టుకుని దిగడానికి వీల్లేదు, స్నార్కెల్‌తోనే చూడాలి. అంటే ఈత కాస్త వస్తే చాలు. "ఆఫ్ సీజన్" అని ఏజెంటు పెదవి విరిచే నెలలే ఆ చేపలకు అసలు సీజన్.

నన్నడిగితే అన్నిటికంటే తెలివైన ముహూర్తం మార్గశిరం మొదట్లోది. నవంబర్ చివరి నుంచి డిసెంబర్ మధ్య దాకా పండగ ధర ఇంకా మొదలవదు. మౌఢ్యం అడ్డురాకపోతే ఆ మూడు వారాలు బంగారం. ఆషాఢం సంగతి చెప్పలేను. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటారు గానీ, దీవికి గడప ఎక్కడుందని మావాడు వాదించాడు. వాళ్లమ్మతో తేల్చుకోమన్నాను.

నీళ్లమీద గది ఎన్ని రాత్రులు?

వాటర్ విల్లా పుట్టింది మాల్దీవుల్లో కాదు. 1967లో ఫ్రెంచ్ పాలినేషియాలోని రైయాటియా దీవిలో ముగ్గురు అమెరికన్లు తమ హోటలుకు మంచి ఇసుక తీరం లేక, గదుల్ని నీళ్లమీదే కట్టేశారు. లోటును కప్పిపుచ్చడానికి చేసిన పని ఇప్పుడు విలాసానికి గుర్తు. కాళ్లకింద తెల్లటి ఇసుక దండిగా ఉన్న దీవికి వెళ్లి, ఇసుక మీది గదిని కాదని, ఎక్కువ డబ్బు పెట్టి నీళ్లమీదికి వెళ్లడం నాకు కొంచెం తమాషాగానే ఉంటుంది. అలాగని ఆ కోరికను తీసిపారేయను. తెల్లవారుజామున మంచం దిగి సముద్రంలో కాలు పెట్టడమంటే మామూలు విషయమా! నాలుగు రాత్రులూ అదే కావాలా అన్నదే ప్రశ్న. సన్‌సెట్ విల్లా అని మరికొంత అదనంగా అడుగుతారు. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో అక్కడ ఏడాది పొడవునా పొద్దు మాలే గడియారంలో ఆరింటికి అటూ ఇటూగానే గుంకుతుంది, ఆ వేడుక ఇరవై నిమిషాలు. ఒడ్డున నిలబడి చూస్తే ఉచితం.

రెండో కాగితం తీశాం. మొదటి రెండు రాత్రులు జనం ఉండే దీవిలో అతిథిగృహం. మాఫుషి అలాంటిదే, మాలేకి దక్షిణాన స్పీడ్ బోటులో అరగంట, ముప్పావుగంట దూరం. గది రాత్రికి పన్నులతో 80 చొప్పున 160 డాలర్లు. యాభై గదుల్లోపు అతిథిగృహాల్లో గ్రీన్ ట్యాక్స్ ఆరు డాలర్లే, ఇద్దరికి రెండు రాత్రులు 24. తర్వాత మూడు రాత్రులు స్పీడ్ బోటులో చేరగల రిసార్టులో బీచ్ విల్లా, 400++. అది రాత్రికి 514 డాలర్ల 80 సెంట్లు, మూడింటికి 1,544 డాలర్ల 40 సెంట్లు. గ్రీన్ ట్యాక్స్ 72. రిసార్టు పడవ ఇద్దరికి 300, మాఫుషి పడవలు 100. హాఫ్ బోర్డ్ 80++ చొప్పున 617 డాలర్ల 76 సెంట్లు. మొత్తం 2,818 డాలర్ల 16 సెంట్లు, అంటే 2,53,634 రూపాయలు. విమానం 60,000, అతిథిగృహం రోజుల తిండీ తిరుగుడూ, రిసార్టులో మధ్యాహ్నాలూ కలిపి 22,500. మొత్తం 3,36,134. ఒక రాత్రి ఎక్కువ, రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలు తక్కువ.

ఆఖరి రాత్రి మాత్రం అదే రిసార్టులో వాటర్ విల్లాకు మారాలంటే? తేడా 200++ అనుకుంటే 257 డాలర్ల 40 సెంట్లు, అంటే 23,166 రూపాయలు. మావాడి మొహం వెలిగింది. ఇలా గది మారే పద్ధతి రిసార్టులకు అలవాటే, అడగాలి అంతే. హనీమూన్ జంటకు కేకో, పరుపు మీద పూల అలంకరణో, ఒక రాత్రి విందో ఇచ్చేవి కూడా చాలా ఉన్నాయి. పెళ్లయి ఆరు నెలలో, ఏడాదో దాటకుండా వివాహ ధ్రువపత్రం చూపాలంటాయి. శుభలేఖ చాలదు, అందుకని రిజిస్ట్రేషన్ పని వెంటనే చేయించుకోవడం లాభం.

జనం ఉండే దీవిలో పద్ధతులు వేరు. అది ముస్లిం దేశం. రిసార్టు దీవుల్లో మద్యం దొరుకుతుంది, ఊళ్లలో దొరకదు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసా మాలేలో దిగగానే కస్టమ్స్ వాళ్లు తీసి ఉంచుతారు. ఈత దుస్తుల్లో తిరగడానికి ఊరి తీరంలో వేరే హద్దు గీసిన చోటుంటుంది. మన వాళ్లకు ముఖ్యమైనది మరొకటి. పూజ కోసం వాడే విగ్రహాల్ని ఆ దేశంలోకి తేనివ్వరు. పెళ్లిలో ఇచ్చిన చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహాన్ని అలవాటుగా పెట్టెలో పెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు పగడపు ముక్క తేవడం కూడా నేరమే.

వీసాకు ముందుగా ఎక్కడికీ తిరగక్కర్లేదు, దిగినచోటే ముద్ర వేస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో ఇముగా అనే డిక్లరేషన్ నింపాలి, దానికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది అసలుది కాదు. అమ్మాయి పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంటే టికెట్టూ అదే పేరుతో తీయాలి. ఇంటిపేరు హడావుడిగా మార్చి టికెట్ కొని, పాత పాస్‌పోర్టుతో కౌంటరు ముందు నిలబడడం వద్దు.

మన దగ్గర కట్టే పన్నులు రెండు. టికెట్టూ, గదీ కలిపి ఏజెంటు ప్యాకేజీగా అమ్మితే 5 శాతం జీఎస్టీ. ఐదు లక్షల ప్యాకేజీకి పాతిక వేలు, అది పోయినట్టే. దానితోపాటు టీసీఎస్ వసూలు చేస్తారు, 2025 ఏప్రిల్ నుంచి పది లక్షల వరకు అది కూడా 5 శాతంగా నడిచింది. ఈ రేటు బడ్జెట్లతో మారుతూ ఉంటుంది కాబట్టి కట్టే రోజున ఎంతో అడగండి. టీసీఎస్ పోయిన డబ్బు కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది, మిగిలితే తిరిగొస్తుంది. అల్లుడి ముచ్చటకని మామగారు తన కార్డుతో, తన పాన్‌తో కట్టేస్తే ఆ జమ మామగారికే చేరుతుంది. తర్వాత దాన్ని అడగలేక అల్లుడు పడే మొహమాటం వేరే కథ.

ఇంత లెక్క చూశాక వాళ్లమ్మ, "అండమాన్ చాలదా" అంది. తీసిపారేసే మాట కాదు. పాస్‌పోర్టు అక్కర్లేదు, గ్రీన్ ట్యాక్స్ లేదు, స్వరాజ్ ద్వీప్‌లో రాధానగర్ తీరం ఉంది, శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగులో అడిగి దారి తెలుసుకోవచ్చు. నీళ్లమీద గది మాత్రం ఉండదు. పెళ్లికూతురికి మారిషస్ మీద మనసుంది. ఉగాది జాతీయ సెలవుగా ఉన్న దేశం, 1830ల్లో చెరకు తోటలకు వెళ్లిన మన వాళ్ల వారసులు ఉన్న నేల. కానీ అక్కడ ఫిబ్రవరి తుపాన్ల కాలం. మాఘంలో పెళ్లి, ఆ వెంటనే ప్రయాణం అన్నారు కనుక అది తేలిపోయింది.

చివరికి రెండో కాగితమే ఖరారైంది, ఆఖరి రాత్రి వాటర్ విల్లాతో సహా 3,59,300. సీప్లేన్ లేదు, స్పీడ్ బోటే. నిన్న ఆ అమ్మాయి పెట్టె తూకం వేసిందట, 34 కిలోలు వచ్చింది. ఐదు పట్టుచీరలు బయటికి తీశారు. అత్తగారు పెట్టిన ఆవకాయ సీసా మాత్రం లోపలే ఉంది.